పాల్ కెర్సీగారి ఐదో దుఃఖం

ఒక మనిషి జీవితంలో సర్వనాశనం ఎన్నిసార్లు జరగొచ్చు? మామూలు మనుషులకు ఒక్కసారి చాలు, మళ్లీ లేవరు. అమెరికన్ ఆర్కిటెక్ట్ పాల్ కెర్సీగారికి మాత్రం 1974 నుంచి 1994 దాకా ఐదుసార్లు జరిగింది. ఐదుసార్లూ ఆయన కళ్లు తుడుచుకుని లేచారు. ఐదుసార్లూ ఆయుధం పట్టారు. ఐదుసార్లూ నిర్మాత వసూళ్ల లెక్క చూసుకున్నాడు. ఈ దుఃఖాల వరసకు ‘డెత్ విష్’ సిరీస్ అని పేరు. ఐదో దుఃఖం ‘డెత్ విష్ 5: ది ఫేస్ ఆఫ్ డెత్’ 1994 జనవరిలో థియేటర్లకు వచ్చింది. అప్పటికి హీరో చార్లెస్ బ్రాన్సన్ వయసు 72.

ఇలాంటి సినిమాలకు తీర్పు చెప్పడానికి మన సమీక్షకులు, అభిమానులు కలిసి ఒక పద్ధతి కనిపెట్టారు. ముందు మినహాయింపులు, తర్వాత మార్కులు. “ఈ వయసులో ఆ మాత్రం చేయడమే గొప్ప” అన్నది మొదటి మినహాయింపు. “పాపం, వాళ్ల దగ్గర డబ్బెక్కడిది” అన్నది రెండోది. “సీక్వెలే కదా, ఇంకేం ఉంటుంది” అన్నది మూడోది. మూడూ వర్తింపజేసేసరికి సినిమాలో తప్పంటూ ఏదీ మిగలదు. టికెట్ కొన్నవాడిదే తప్పని తేలుతుంది.

వీళ్లు కాక ఇంకో రకం రసికులున్నారు. “చెత్తగా ఉంది కాబట్టే బాగుంది” అంటారు. వీళ్లతో వాదించడం బ్రహ్మతరం కాదు. సినిమా ఎంత ఘోరంగా ఉందో మనం రుజువు చేస్తున్నకొద్దీ వీళ్ల ఆనందం రెట్టింపవుతుంది.

కాబట్టి మినహాయింపులన్నీ గుమ్మం బయటే విప్పించి, కేసును కేసులా విచారిద్దాం.

మొదట వయసు సంగతి. ఐదో భాగం తీసినవాళ్లకు హీరోగారి మోకాళ్ల మీద ఎంత శ్రద్ధ ఉందో తెలియాలంటే హత్యల జాబితా చూస్తే చాలు. కెర్సీగారు ఒక దుర్మార్గుడి ఇటాలియన్ మిఠాయిలో విషం కలుపుతారు. ఇంకొకణ్ణి రిమోట్‌తో నడిచే ఫుట్‌బాల్ బాంబుతో పేల్చేస్తారు. ఆఖరివాణ్ణి బట్టల ఫ్యాక్టరీలో యాసిడ్ తొట్టి పాలు చేస్తారు. చాలామటుకు నింపాదిగా, ఆయాసపడకుండా చేసుకోదగ్గ పనులే. ఫుట్‌బాల్‌తో పోయిన కిరాయి హంతకుడికి ఒక విశిష్ట లక్షణం ఉంది: వాడి తలనిండా చుండ్రు. ముఠాలోకెల్లా కర్కోటకుడికి రచయిత చేసిన పాత్రచిత్రణ అదీ! అంతకు మించి బడ్జెట్ ఒప్పుకోలేదు కాబోలు. చుండ్రు చవక.

వయసు విషయంలో ఇంకో చిన్న లెక్క ఉంది. మూడో భాగం తీసేనాటికి బ్రాన్సన్‌కు 63 ఏళ్లు. నాలుగో భాగం వచ్చేసరికి 66. ఐదో భాగానికి 72. ఈ మూడింటిలో ఆయన సరసన వేసిన డెబోరా రాఫిన్, కే లెంజ్, లెస్లీ-ఆన్ డౌన్ పుట్టిన సంవత్సరాలు వరసగా 1953, 1953, 1954. హీరోగారి వయసు పెరుగుతూనే ఉంది, హీరోయిన్ పుట్టిన సంవత్సరం మాత్రం ఉన్నచోటు నుంచి కదలనంటోంది. తెలుగు ప్రేక్షకుడికి ఈ లెక్క విడమరచి చెప్పక్కర్లేదు. ఈ ఒక్క సబ్జెక్టులో మనం హాలీవుడ్‌కే ట్యూషన్ చెప్పగలం.

అయితే ఇదంతా ఆ పెద్దాయన తప్పా? బ్రాన్సన్ పెన్సిల్వేనియా బొగ్గుగనుల ఊళ్లో, పదిహేనుమంది పిల్లల ఇంట్లో పుట్టాడు. గనిలోకి దిగి పనిచేశాడు. రెండో ప్రపంచయుద్ధంలో బాంబర్ విమానంలో గన్నర్‌గా వెళ్లాడు. 1991లో షాన్ పెన్ ‘ది ఇండియన్ రన్నర్’ తీస్తూ ఆయనకు కాస్తంత పాత్ర ఇచ్చాడు, కొడుకుల మధ్య నలిగిపోయే తండ్రి పాత్ర. మీసం లేదు, తుపాకీ ఆర్భాటం లేదు, ఉన్నదల్లా ఆ ముఖం. దాదాపు డెబ్భై ఏళ్ల ఆ ముఖం తెరమీద ఏం చేయగలదో ఆ కాసిన్ని సన్నివేశాల్లో తెలిసింది. మూడేళ్లు తిరక్కుండానే అదే ముఖానికి ఫుట్‌బాల్ రిమోట్ ఇచ్చారు. వయసు అడ్డమొచ్చింది నటుడికి కాదు, ఆ వయసుకు తగ్గ పని కల్పించలేని బుర్రలకు.

ఇక డబ్బు. రెండో భాగం నుంచి నాలుగో భాగం దాకా ఈ వ్యాపారం నడిపింది కానన్ ఫిల్మ్స్. యజమానులు మెనహేమ్ గోలన్, యోరామ్ గ్లోబస్. వరసకు అన్నదమ్ములు. కాన్ చలనచిత్రోత్సవానికి పోస్టర్లతో దిగి, ఇంకా తీయని సినిమాలను దేశదేశాల బయ్యర్లకు అమ్మేయడం వాళ్ల విద్య. పోస్టరు మీద మీసం, మీసం కింద తుపాకీ, పక్కన ఒక అంకె. ఇంక కథ దేనికి? బయ్యరు అడగడు, నిర్మాత చెప్పడు, రచయితకు తెలియదు.

మూడో భాగం కథంతా న్యూయార్క్ వీధుల్లో జరుగుతుంది. షూటింగ్ చాలావరకు లండన్‌లోని లాంబెత్‌లో జరిగింది. ఐదో భాగంలో న్యూయార్క్ వేషం కట్టింది కెనడాలోని టొరంటో. నటులే కాదు, ఊళ్లు కూడా డూపులే. కంపెనీ ఆర్థిక పరిస్థితి తెలుసుకోవడానికి ఆడిటర్ అక్కర్లేదు, క్లైమాక్స్‌లో విలన్ మీద దేన్ని ప్రయోగించారో చూస్తే చాలు. మూడో భాగంలో యుద్ధట్యాంకుల మీద వేసే రాకెట్‌ను గదిలోనే ఎదురుగా నిలబడి వదిలారు. నాలుగో భాగంలో గ్రెనేడ్ లాంచర్‌కు దిగారు. ఐదో భాగానికి గోలన్ కానన్‌ను వదిలి వేరు కుంపటి పెట్టుకున్నాడు. తొట్టెడు యాసిడ్‌తో సరిపెట్టాడు.

డబ్బు లేకపోవడం నేరమని ఎవరూ అనరు. జాన్ కార్పెంటర్ 1976లో లక్ష డాలర్ల ఖర్చుతో, మూతపడబోతున్న ఒక పోలీస్ స్టేషన్ చుట్టూ ‘అసాల్ట్ ఆన్ ప్రిసింక్ట్ 13’ తీశాడు. ఇప్పటికీ చూస్తే ఒళ్లు బిగుసుకుంటుంది. డబ్బు లేక సెట్టు తగ్గింది, సరే. జూనియర్ ఆర్టిస్టులు తగ్గారు, సరే. ఆలోచన ఎందుకు తగ్గింది? ఆలోచించడానికి ఏ ఫైనాన్షియరూ వడ్డీ అడగడే!

మొదటి మూడు భాగాలూ తీసిన మైఖేల్ విన్నర్ తర్వాతి కాలంలో లండన్ సండే టైమ్స్‌లో హోటళ్ల మీద సమీక్షలు రాసి పేరు తెచ్చుకున్నాడు. ప్రేక్షకులకు మూడుసార్లు అదే కూర వేడిచేసి పెట్టిన పెద్దమనిషి, పరాయి వంటల్లో ఉప్పు తక్కువైందని ఏళ్ల తరబడి కోప్పడ్డాడు. తీర్పు చెప్పడం ఎంత సుఖమైన ఉద్యోగమో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

మూడో మినహాయింపు, సీక్వెల్. దీనికి జవాబుగా ‘మ్యాడ్ మాక్స్ 2’ ఒక్కటి చాలు. 1981లో వచ్చి మొదటి భాగాన్ని మించిపోయింది. రెండోసారి చెప్పడానికి ఏదైనా మిగిలి ఉంటే సీక్వెల్ బతుకుతుంది. ‘డెత్ విష్’లో మిగిలిందేమిటో చూద్దాం.

మూలం 1972లో బ్రయాన్ గార్‌ఫీల్డ్ రాసిన నవల. అందులో కథానాయకుడు లెక్కలు రాసుకునే మామూలు అకౌంటెంట్. పగ మనిషిని ఎంత దిగజారుస్తుందో చూపించాలన్నది రచయిత ఉద్దేశం. సినిమా దాన్ని తిరగేసి పగకు పూలదండ వేసింది. ఆయన మండిపడి 1975లో ‘డెత్ సెంటెన్స్’ అనే నవల జవాబుగా రాశాడు. ఎవరు వింటారు? మొదటి సినిమా అప్పటికే అమెరికాలో 2 కోట్ల 20 లక్షల డాలర్లు తెచ్చింది.

అయినా ఆ మొదటి సినిమాలో ఒక వణుకు ఉంది. తొలిసారి మనిషిని కాల్చాక కెర్సీ ఇంటికొచ్చి వాంతి చేసుకుంటాడు. మూడో భాగానికి వచ్చేసరికి ఆయనగారు భుజానికి కెమెరా ఎరగా తగిలించుకుని, ఐస్‌క్రీం తింటూ వీధిలోకి షికారు బయల్దేరతారు. కెమెరా లాక్కుని పారిపోతున్నవాణ్ణి, పోస్టులో తెప్పించుకున్న భారీ పిస్తోలుతో వెనకనుంచి కాలుస్తారు. ఇరుగుపొరుగువాళ్లు కిటికీల్లోంచి చప్పట్లు కొడతారు. ఐదో భాగంలో హత్యకొక జోకు. వాంతి నుంచి ఐస్‌క్రీంకు, ఐస్‌క్రీం నుంచి జోకుకు! ఇరవై ఏళ్లలో ఈ పాత్రలో వచ్చిన మార్పు మొత్తం ఇదే.

మధ్యలో, 1984 డిసెంబరులో, న్యూయార్క్ సబ్‌వే రైల్లో ఒక ప్రయాణికుడు నలుగురు యువకుల మీద కాల్పులు జరిపాడు. పత్రికలు వెంటనే ఎత్తుకున్నది ‘డెత్ విష్’ పేరే. సిరీస్‌వాళ్లు ఆగి ఒకసారి ఆలోచిస్తారేమో అనుకుంటాం. ఏడాది తిరక్కుండా రాకెట్‌తో వచ్చారు.

ఇప్పుడు అసలు నేరానికి వద్దాం. పై మూడు మినహాయింపుల పొగలో ఎవరికీ కనపడకుండా పోయింది ఇదే.

కెర్సీగారికి కోపం రావాలి. కోపం రాకపోతే సినిమా కదలదు. కోపం ఊరికే రాదు కదా, ఒక ఆడమనిషి కావాలి. మొదటి భాగంలో భార్యను చంపారు, కూతుర్ని చెరిచి మాట పోగొట్టారు. రెండో భాగంలో ఇంట్లో పనిచేసే ఆమెను చెరిచి చంపారు. ఉన్న ఒక్క కూతుర్నీ మళ్లీ చెరిచి, ఈసారి ప్రాణం పోయేలా చేశారు. మూడో భాగంలో పొరుగింటి ఇల్లాలు పోయింది. ఆయనతో రెండుసార్లు భోంచేసిన పాపానికి లాయరమ్మ కారుతో సహా కాలిపోయింది. నాలుగో భాగంలో ప్రేయసి కూతురు కొకైన్‌కు, ప్రేయసి తూటాకు బలయ్యారు. ఐదో భాగంలో పెళ్లికి ఒప్పుకున్నావిడ ముఖాన్ని అద్దానికేసి బాది ఛిద్రం చేశారు. పోస్టరు మీద పేరుకు అది సరిపోయినా వాళ్లకు తృప్తి కలగలేదు, తర్వాత చంపేశారు కూడా. ఎనిమిది మంది. ఈయన ప్రేమించిన మనిషికి బుద్ధున్న బీమా ఏజెంటు ఎవరూ పాలసీ రాయడు.

ఐదు భాగాల్లోనూ ఆయన చెంతకు చేరి బతికి బట్టకట్టిన ప్రేయసి ఒక్కతే, రెండో భాగంలోని జర్నలిస్టు. ఆయన రాత్రిళ్లు చేస్తున్న నిర్వాకం తెలియగానే వదిలేసి వెళ్లిపోయింది. మొత్తం సిరీస్‌లో తెలివిగా ప్రవర్తించిన పాత్ర అదొక్కటే. ఆ పాత్ర వేసింది బ్రాన్సన్ నిజజీవిత భార్య జిల్ ఐర్లాండ్.

తక్కువ బడ్జెట్ అంటారు కదా, ఈ సినిమాలు నిజంగా దేన్ని పెట్టుబడి పెట్టాయో ఇప్పుడు చెప్పండి. ముసలి హీరో చేత తుపాకీ పట్టించడానికి భాగానికి ఇంతమంది ఆడవాళ్లని ఖర్చు రాశారు. వయసును, డబ్బును మన్నించే సమీక్షకుడు ఈ ఖర్చును చూడనే చూడలేదు. ఆయన చూపంతా హీరోగారు మెట్లెక్కుతూ ఆయాసపడ్డారా లేదా అన్నదాని మీదే.

ఆ చూపు ఎంత దూరం పోతుందో కూడా చెప్పుకోవాలి. 2018లో కెర్సీ పాత్రను మళ్లీ తీసి బ్రూస్ విల్లిస్‌కు తొడిగారు. ఈసారి ఆర్కిటెక్ట్ కాదు, షికాగో డాక్టర్. ఆ తర్వాత విల్లిస్ వరసబెట్టి చవక యాక్షన్ సినిమాల్లో కాసేపు కనిపించి పోవడం ఎక్కువైంది. చెత్త సినిమాలకు అవార్డులిచ్చే ‘రాజీ’ (Razzie) వాళ్లకు ఇది పండగైపోయింది. 2021లో వచ్చిన ఆయన సినిమాలు ఎనిమిది పోగేసి, ఆయనొక్కడి కోసమే ప్రత్యేక విభాగం పెట్టి నవ్వారు. 2022 మార్చి చివర ఆయనకు మాటను హరించే అఫేజియా వచ్చిందని, నటన మానుకుంటున్నారని కుటుంబం ప్రకటించింది. రాజీవాళ్లు ఆ అవార్డును వెనక్కి తీసుకున్నారు. వృద్ధుడి తడబాటుకు మార్కులు వేయబోయి, అక్కడున్నది రోగమని తెలిసి నాలుక కరుచుకున్నారు. ఆ పోస్టర్లమీద ఆయన ముఖం వేసి సొమ్ము చేసుకున్నవాళ్లకు మాత్రం ఏ ప్రత్యేక విభాగమూ పెట్టలేదు.

ఇదంతా పరాయి దేశపు గొడవ అని తప్పుకోవడానికీ లేదు. ‘డెత్ విష్’ నీడ హిందీలో ‘ఆజ్ కీ ఆవాజ్’ మీద పడింది. అక్కణ్ణుంచి 1985లో తమిళంలో రజనీకాంత్ ‘నాన్ సిగప్పు మనిదన్’గా, తెలుగులో ‘న్యాయం మీరే చెప్పాలి’గా వచ్చింది. అడిగారు కాబట్టి చెబుతున్నాం.

చార్లెస్ బ్రాన్సన్ నిర్దోషి. పని ఇచ్చారు, చేశాడు. ‘డెత్ విష్ 5’ తర్వాత థియేటర్ సినిమా మళ్లీ చేయలేదు, ఆయన వంతు శిక్ష ఆయనే వేసుకున్నాడు. దుఃఖాన్ని వాయిదాల మీద అమ్ముకున్న నిర్మాతలు, చెరచడం తప్ప ఇంకో ప్రేరణ తెలియని రచయితలు, దర్శకులు దోషులు. మినహాయింపులు పంచిపెట్టిన సమీక్షకులు సహకుట్రదారులు. ఐదో భాగానికి అమెరికా ప్రేక్షకులు ఇచ్చింది సుమారు 17 లక్షల డాలర్లు. తీర్పు వాళ్లే ముందు రాసేశారు, మనం సంతకం పెడుతున్నాం.

పాఠకులకు ఒక విన్నపం. ఈసారి ఏ పెద్ద హీరో పగ సినిమాకైనా వెళ్లొచ్చాక ఆయన వయసెంత, డూపు ఎక్కడ దొరికిపోయాడు అని లెక్కలు కట్టకండి. ఆయనకు కోపం తెప్పించడానికి ఎవరిని చంపారో, ఆమె పేరేమిటో గుర్తు తెచ్చుకోండి. గుర్తు రాకపోతే ఆ సినిమాకు ఒక్క మార్కు కూడా వేయకండి.