ఫ్లెక్సీ నిండా పచ్చదనం

పర్యావరణ దినోత్సవం జూన్‌ 5న. అప్పటికి మన బడులకు ఇంకా వేసవి సెలవులే. అయితేనేం, తలుపులు తెరవగానే బాకీ తీర్చేశారు. ‘ప్లాస్టిక్‌ను తరిమికొడదాం’ అంటూ ఒకటి నుంచి ఐదో తరగతి దాకా ర్యాలీ!

ముందు ఇరవై అడుగుల ఫ్లెక్సీ.
అందులో నాయకుల మొహాలు తొమ్మిది, మొక్క ఒకటి. అదీ మూలన, ఫ్లెక్సీ షాపు ఫోన్‌ నంబరు పక్కన.

వెనక థర్మకోల్‌ ప్లకార్డులు.
వాటి వెనక చెట్టు వేషంలో రెండో తరగతి బుడ్డోడు. ఒంటినిండా ప్లాస్టిక్‌ ఆకులే. ఎండకు ఆకులు వాడలేదు, పిల్లాడే వాడిపోయాడు.

అలంకరణ థర్మకోల్‌, వంద మైక్రాన్లలోపు పీవీసీ బ్యానర్లు, ప్లాస్టిక్‌ చెంచాలు... 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధం. ఈ జాబితాను పిల్లలకు గడగడా చదివి వినిపించిన పెద్దమనిషి, వేదిక దిగొచ్చి ప్లాస్టిక్‌ చెంచాతోనే ఉప్మా లాగించారు. జాబితా కంఠతా వచ్చు కదా, ఇంక భయమేంటి!

ఇక మొక్క నాటే ఘట్టం. గుంత పోయినేడాదిదే. మొక్క మాత్రం కొత్తది. వేర్లకున్న నల్ల కవరు విప్పకుండానే పాతేశారు.
మొక్క మీద పదహారు చేతులు. అన్నీ పెద్దలవే. పిల్లలు ఫొటోకు అడ్డమని పక్కకు నెట్టారు.

అంతా అయ్యాక నాలుగో తరగతి పిల్ల ఖాళీ నీళ్ల సీసా పట్టుకుని వచ్చింది.
‘‘సార్‌, చెత్తబుట్ట ఏదండీ?’’
‘‘ఫొటోలో బాగోదని తీయించేశాం తల్లీ!’’