శుభలేఖా సంజీవని

అవతారిక

కోలాచలం మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు సంజీవని వ్యాఖ్య రాయబోతూ, మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ రెండు మాటలిచ్చాడు. ఈ వ్యాఖ్యాత మొదటి మాటకే కట్టుబడతాడు. పెళ్ళిలో అక్కరలేనిదంతా తీసేస్తే పసుపుతాడొక్కటే మిగులుతుంది. దాని మీద వ్యాఖ్యానం ఎంతోసేపు సాగదు.

గ్రంథం ఒక శుభలేఖ. కాలం మాఘమాసం, మిర్చి కోతలు జోరుమీదున్న వేళ. దేశం కొండవీటి కొండ కనిపించేంత దూరంలో, చిలకలూరిపేట పక్క ఊరు. గ్రంథకర్త పెళ్ళికూతురి తండ్రి. చిత్రకర్త హైదరాబాదులో ఉండే ఒక డిజైనరమ్మ. పేర్లను వ్యాఖ్యాత మరుగుపరిచాడు. పిలుపు అందని బంధువులు కూడా పత్రికలు చదువుతారు గదా.

మూలం

శ్రీరస్తు – శుభమస్తు – అవిఘ్నమస్తు. మా కనిష్ఠ పుత్రిక చి॥ల॥సౌ॥ వధువును చి॥ వరునకిచ్చి, మాఘ బహుళ తదియ రాత్రి 2 గం॥ 47 ని॥లకు వృశ్చిక లగ్నమందు వివాహము జరిపించుటకు పెద్దలు నిశ్చయించినారు గావున, తామెల్లరు సకుటుంబ సపరివార సమేతముగా విచ్చేసి, వధూవరులను ఆశీర్వదించి, మదర్పిత చందన తాంబూలాదులు స్వీకరించి మమ్మానందింపజేయ ప్రార్థన. విందు: రాత్రి 7 గంటల నుండి. (వెనుక, చిన్న అక్షరాలలో: ఈ శుభలేఖ చేతితో చిత్రించబడినది.)

టీక

శ్రీరస్తు = మిర్చికి ధర పలుకుగాక. శుభమస్తు = పెళ్ళి జరుగుగాక. అవిఘ్నమస్తు = కళ్ళంలో ఆరబోసిన కాయల మీద వాన పడకుండుగాక. ఇచట క్రమం ముఖ్యం. మొదటిది నెరవేరనిదే రెండోదానికి డబ్బు లేదు. మూడోది తప్పితే మొదటిది లేదు.

పెద్దలు = గుంటూరు మిర్చియార్డు. తాతలు, మేనమామలు అని కొందరు అర్థం చెప్పారు గానీ అది నిలవదు. మిర్చి టిక్కీలు (బస్తాలు) కాటా ఎక్కి చేతికి డబ్బు రావాలి. లేదా సరుకు కోల్డ్ స్టోరేజీలో పెట్టి దాని మీద అప్పు పుట్టాలి. అప్పుడుగానీ పంతులుగారి పంచాంగం తెరుచుకోదు. 2023లో క్వింటాలు 20 వేలు దాటి పలికిన మిర్చికి, 2025 ఫిబ్రవరిలో మార్కెట్ జోక్య పథకం కింద కేంద్రం 11,781 రూపాయల ధర ప్రకటించవలసి వచ్చింది. మొదటి ఏటి శుభలేఖలు జీడిపప్పు, బాదంపప్పు నింపిన పెట్టెల్లో వస్తాయి. రెండో ఏటివి ఒంటి కాగితం మీద వస్తాయి. కార్డు మందం చూసి ఆ ఏటి యార్డు ధర చెప్పగల పెద్దలు ఈ సీమలో ఉన్నారు.

పత్రము = అంచుల్లో నూగు తేలిన చేతికాగితం. ఇది చెట్టు నుంచి పుట్టింది కాదు. బనియన్లు కుట్టేచోట మిగిలే నూలు కత్తిరింపులను నానబెట్టి, గుజ్జు చేసి, జల్లెడతో పొరగా ఎత్తి ఆరబెడతారు. జైపూరు దగ్గరి సంగానేరు ఈ పనికి పేరున్న ఊరు. విశేషమేమంటే, మన నల్లరేగడిలో కాసిన పత్తి జిన్నింగు మిల్లులో గింజ వదిలి, బేలు కట్టించుకుని తమిళదేశం పోయి, నూలై, బనియనై, కత్తిరింపై, కాగితమై, చివరికి పత్తిరైతు ఇంటికే శుభలేఖగా దిగి ఉండవచ్చు. అమ్మేటప్పుడు క్వింటాళ్ళలో తూచి ఇచ్చిన సరుకును ఆయన తిరిగి కొనేటప్పుడు ఒక్కొక్కటిగా లెక్కపెట్టి కొన్నాడు. ఇది పునర్జన్మకు దృష్టాంతమని కొందరు. దళారీతనానికి దృష్టాంతమని వ్యాఖ్యాత.

చిత్రము = ఎడమ అంచున పత్తికొమ్మ, కుడి అంచున మిరపకొమ్మ, నడుమ పూర్ణకుంభం. కుంభం అమరావతి శిల్పులది. స్తూపం పలకల మీద వాళ్ళు చెక్కిన ఆ తామరల కుండనే 2018లో రాష్ట్ర ప్రభుత్వం తన అధికార చిహ్నంలో పెట్టుకుంది. అందుచేత దూరం నుంచి చూసినవారికి ఈ కార్డు ప్రభుత్వ ఉత్తర్వుగా తోస్తుంది. రానివారి నుంచి సంజాయిషీ కోరబడునని ధ్వని.

పత్తికొమ్మకు రెండు పూలున్నాయి. ఒకటి మీగడ రంగు, ఒకటి గులాబి. ఒకే కొమ్మకు రెండు రంగులేమిటని పట్నం అల్లుడొకడు పూర్వపక్షం చేశాడు. సమాధానం: పత్తిపువ్వు విచ్చిన రోజు మీగడ రంగులో ఉండి మర్నాటికి గులాబికి తిరుగుతుంది. డిజైనరమ్మ చేలో నిలబడి చూసి గీసిందే గానీ ఫోనులో వెతికి గీయలేదని దీనితో తేలింది. మిరపకాయలు తేజ రకమని ఒక శాఖ, 334 రకమని మరో శాఖ. ఈ వాదం భోజనాల బల్ల దాకా సాగింది. ఇక శంక: శుభకార్యంలో కారమేల? సమాధానం: ఈ సీమలో ఎండుమిర్చి లేకుండా దిష్టి తీసే ఇల్లు లేదు. ఇంత ఖరీదైన కార్డుకు దిష్టి తప్పదు. దిష్టినీ విరుగుడునూ ఒకే పత్రం మీద కూర్చడం ఔచిత్యం.

చేతితో = చిత్రకారిణి కుడిచేతితో, ఒక్కసారి. ఆమె నీటిరంగులతో వేసింది ఒక్క ప్రతి. దాన్ని స్కాన్ చేసి మిగతావన్నీ డిజిటల్ ప్రింటింగులో తీశారు. చేతిచిత్రపు శుభలేఖలు ఎక్కువగా ఈ దారినే వస్తాయి. దీన్ని మోసమనరాదు, ఏకహస్త బహుపత్ర న్యాయమనవలె. అంతకుముందు రాజ్యమేలింది శివకాశి కార్డు. గుంటూరులోనో ఒంగోలులోనో దుకాణంలో ఆల్బం తిరగేసి ఒకటి ఎంచుకుంటే, పేర్లు స్క్రీన్ ప్రింటింగులో వేసి ఇచ్చేవారు. బొమ్మ ఊరందరిదీ, పేర్లు మాత్రం మనవి. బాపు సీతారాములైతే ఎన్ని శుభలేఖల మీద ఎన్నిసార్లు పెళ్ళాడారో లెక్కలేదు.

రాత్రి 2 గం॥ 47 ని॥లకు = అందరూ వెళ్ళిపోయాక. విందుకూ ముహూర్తానికీ నడుమ దాదాపు 8 గంటల ఎడం ఉంది. ఆశీర్వదించకుండా భోంచేసి పోవచ్చునా అని శంక. రిసెప్షన్ వేదికెక్కి ఫొటో దిగడమే ఆశీర్వచనమని ఆధునికుల మతం. ముహూర్తానికి మెలకువగా ఉండేది పురోహితుడు, మేళగాళ్ళు, వీడియోవాళ్ళు, కన్నవాళ్ళు. వధూవరులు ఉంటారు గానీ మెలకువ అని చెప్పలేం.

ఇక మూలం వేదికను గానీ వరుడి చిరునామాను గానీ చెప్పలేదు. అడుగున ఒక క్యూఆర్ కోడ్ వేసి ఊరుకుంది. కారణం ఉంది. వరుడి తాత చీరాలలో పుట్టినప్పుడు అది గుంటూరు జిల్లా. 1970లో కొత్తగా ఏర్పడ్డ ఒంగోలు జిల్లాలోకి పోయింది. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పంతులుగారి పేరు వచ్చింది. 2022లో చీరాల బాపట్ల జిల్లాకు చేరింది. ఇల్లు మాత్రం కదల్లేదు. ఇన్ని పాఠాంతరాలున్న చిరునామాను కార్డులో ఇరికించడం కష్టమని గ్రంథకర్త ఆ పని ఫోనుకు వదిలేశాడు. ఫోను అందరినీ 16వ నంబరు జాతీయ రహదారి పక్కనున్న కన్వెన్షన్ హాలుకు తీసుకుపోయింది.

అక్కడి అలంకరణకు 'పల్లె' అని థీమ్. అడ్డుతెర మీద కలంకారీ బొమ్మలు, కొబ్బరిబోండానికి రంగుల పూలు, రోలూ రోకలికి తెల్లని ముగ్గు. పల్లెటూరి పెళ్ళిని పల్లెటూరిగా కనిపింపజేయడానికి హైదరాబాదు నుంచి లారీలో గంపలు, బండిచక్రాలు దిగాయి. పెళ్ళికూతురి మేనమామ దొడ్లో ఉన్న అసలు బండిచక్రాన్ని చూసి, మరీ పాతదిగా ఉందని వద్దన్నారు. ఇది భ్రాంతిమదలంకారం.

పెళ్ళికూతురి అలంకారంలోనూ హల్దీకొక చీర, మెహందీకొకటి, రిసెప్షనుకు కంచిపట్టు అని పట్టిక ఉంది. కానీ పీటల మీదికొచ్చేసరికి స్టైలిస్టు పక్కకు తప్పుకోవలసిందే. అక్కడ పురోహితుడి మాటే చెల్లుతుంది; కట్టవలసింది మధుపర్కం, తెల్లని నూలుబట్ట, ఎర్రని అంచు. పత్తి పండించే సీమలో పత్తికి దక్కిన గౌరవం ఆ కాసేపే.

చందన తాంబూలాదులు: ఇందులో చందనం లేదు, తాంబూలం ప్లాస్టిక్ సంచిలో ఉంది, తక్కిన విందంతా 'ఆదులు' అనే మూడక్షరాల్లో ఉంది. కొండవీటి రెడ్ల కొలువులో విద్యాధికారిగా ఉన్న శ్రీనాథుడు శృంగారనైషధంలో నలదమయంతుల పెళ్ళిభోజనాన్ని పద్యం వెంట పద్యంగా వడ్డించాడు. మన గ్రంథకర్త క్లుప్తతలో శ్రీనాథుణ్ణి మించాడు. వడ్డనలో మించలేదని మూడో బంతిలో కూర్చున్నవారి అభిప్రాయం.

సకుటుంబ సపరివార సమేతముగా: గ్రంథమంతటికీ ఇదే ఆయువుపట్టు. ఈ మాట ఎంత బంగారు అక్షరాలతో అచ్చయినా, దానంతటది ఎవరినీ ఇంట్లోంచి కదిలించలేదు. "కార్డు ఇచ్చిపోయారు గానీ పిలవలేదు" అని ఈ జిల్లాల్లో రోజూ వినిపించే వాక్యం. పరదేశులకు ఇది పరస్పర విరుద్ధంగా తోచవచ్చు. ఇక్కడ పుట్టినవారికి వివరించనక్కరలేదు. పిలుపంటే పెళ్ళివారి ఆడపడుచు కుంకుమభరిణె పట్టుకుని గడప తొక్కాలి. ఇంటి ఇల్లాలికి బొట్టు పెట్టాలి. "వదినా, అన్నయ్యా పిల్లలూ అందరూ రావాలి, ఆ పూట మీ ఇంట్లో పొయ్యి వెలగకూడదు" అనాలి. "మీరింతగా చెప్పాలా అమ్మా, మా పిల్ల పెళ్ళి కాదూ" అని ఇల్లాలు అనాలి. అప్పుడు సకుటుంబమనే మాటకు అర్థం ఏర్పడుతుంది. వాట్సాప్‌లో వీడియో పంపడమనే పాఠం కూడా వాడుకలో ఉంది. దానికి వచ్చే ప్రత్యుత్తరం రెండు చేతులు జోడించిన బొమ్మ. వస్తున్నామని అర్థమో, క్షమించమని అర్థమో ఏ నిఘంటువూ చెప్పదు.

విశేషము: కార్డు నాలుగు మూలలా పసుపు అద్దారు. మూలంలో ఈ సంగతి లేదు, బొమ్మలోనూ లేదు. చేతికొచ్చిన ప్రతిలో ఉంది గనుక వ్యాఖ్యకు అర్హమే. డిజైనరమ్మ నమూనాలో పసుపుకు చోటు లేదు. నీటిరంగు పాడవుతుందని హెచ్చరిక కూడా పంపింది. పెళ్ళికూతురి పెద్దమ్మ వినలేదు. చాప మీద కార్డులన్నీ పరిచి, గిన్నెలో పసుపు తడిపి, ఉంగరపువేలితో ఒక్కొక్కదానికి నాలుగు మూలలా అద్దుకుంటూ పోయింది. ఒకదాని మీద పసుపు పత్తిపువ్వు దాకా జారి, మీగడ రంగు పువ్వు పసుపుపచ్చదయింది. వేలిముద్ర గీతలు కొన్నిటి మీద స్పష్టంగా ఉన్నాయి, ఏ రెండూ ఒక్క తీరుగా లేవు. ఇప్పుడు వెనుకనున్న చిన్న అక్షరాలను మళ్ళీ చదవాలి. చిత్రకారిణి చెయ్యి ఒక్క ప్రతినే తాకింది. పెద్దమ్మ చెయ్యి ప్రతి ప్రతినీ తాకింది. కాబట్టి 'చేతితో చిత్రించబడినది' అన్న వాక్యానికి కర్త పెద్దమ్మే అని సిద్ధాంతం.

తాత్పర్యము

శుభలేఖ మూలం, పిలుపు దానికి వ్యాఖ్య. కావ్యం ఎంత గొప్పదైనా వ్యాఖ్యాత పుస్తకం విప్పి చెబితేగాని శిష్యుడికి అందనట్టు, కార్డు ఎంత అందమైనదైనా మనిషి వెంట వస్తేగాని బంధువుకు అందదు. బొమ్మలు బాగుండాలి, కాగితం బాగుండాలి. అందుకు తగిన చేతులకు తగిన కూలి ఇవ్వాలి. ఆ తర్వాత భరిణె తీసుకుని బయల్దేరాలి.

ఫలశ్రుతి

దీన్ని చదివిన తండ్రికి కార్డుల ఖర్చు తగ్గి పెట్రోలు ఖర్చు పెరుగుతుంది. చదివిన డిజైనరు మూలల్లో పసుపుకు చోటు వదులుతుంది. చదివిన రైతుకు క్వింటాలుకు 20 వేలు పలుకుతుందని చెప్పాలని ఉంది గానీ, మూలంలో లేనిది రాయనని మాట ఇచ్చాం.

గద్య: ఇది కృష్ణరేగడ సీమాంతర్విరాజమాన, బహువివాహభోజన పరిపుష్ట, చదివింపుల పుస్తక లిఖిత నామధేయ వ్యాఖ్యాతృ ప్రణీతంబైన శుభలేఖా సంజీవనియందు సర్వంబును ఏకాశ్వాసము, రెండవ ఆశ్వాసము వరుడి తరఫు కార్డు అందిన పిమ్మట.