లిబరల్‌గా తిట్టండి

లిబరల్ అన్న మాటకు మన ఇళ్లలో పగలు ఒక అర్థం, రాత్రి తొమ్మిది దాటాక ఇంకో అర్థం. పదో తరగతి పేపర్లు దిద్దే రోజుల్లో తల్లిదండ్రుల మధ్య ఒక కబురు తిరుగుతుంది: "ఈసారి లిబరల్‌గా దిద్దమన్నారటండీ." ఆ మాట చెవిన పడగానే ఇంటిల్లిపాదికీ ప్రాణం లేచొస్తుంది. బ్యాంకు మేనేజరు లిబరల్ అయితే లోను చేతికొస్తుంది. హాజరు దగ్గర ప్రిన్సిపాల్ లిబరల్ అయితే కుర్రాడు గట్టెక్కుతాడు. మామగారు లిబరల్ అయితే అల్లుడికి ఏడాదంతా సంక్రాంతే. ఇంతమంది లిబరల్స్‌కి పగలంతా దండాలు పెట్టుకున్న ఆ తండ్రే రాత్రి టీవీ చర్చ ముందు కాళ్లు చాపుకుని, "ఈ లిబరల్ గాళ్ల వల్లే దేశం తగలడిపోతోంది" అంటాడు. మార్కులు వేసే చెయ్యి లిబరల్‌గా ఉండాలి. ప్రశ్న అడిగే నోరు లిబరల్‌గా ఉంటే మాత్రం దానికి పాకిస్తాన్ టికెట్టు తీయాలి.

ఈ తిట్టు ఒంటరిగా నడవదు. ముందు కుహనా, సూడో, సోకాల్డ్ అని ముగ్గురు బంట్రోతులు దారి చేస్తూ వస్తారు. మేధావిలో ఒక అక్షరం మార్చి మేతావిని చేశారు. సెక్యులర్‌ని చిన్న గుడితో సిక్యులర్ చేశారు. 2019 ఎన్నికల వేళ ప్రధానమంత్రి ఒక ఇంటర్వ్యూలో ఖాన్ మార్కెట్ గ్యాంగ్ అన్నారు. అది ఢిల్లీలో ఎటువైపుందో ఎరగని మా వీధి కిరాణా కొట్టాయన ఆ వారంలోనే, ఖాతా తీర్చని ఒక రిటైర్డ్ లెక్చరర్ని ఆ గ్యాంగులో చేర్చేశాడు. పాపం ఆ లెక్చరరు ఖాన్ మార్కెట్లో కాఫీ తాగే స్తోమతే ఉంటే ఇక్కడ కందిపప్పు బాకీ ఎందుకు పెడతాడు?

ఇదంతా మన ప్రతిభ అనుకుంటే పొరపాటు. రాజకీయాల్లోకి ఈ మాట అడుగుపెట్టిందే తన్నులు తింటూ. నెపోలియన్ సేనలు స్పెయిన్‌ను ఆక్రమించిన రోజుల్లో, 1810లో, కాడిజ్ రేవు పట్నం చెంత ఆ దేశపు పార్లమెంటు కొలువుతీరింది. రాజుగారి అధికారానికి హద్దులుండాలి, పత్రికలకు స్వేచ్ఛ ఉండాలి అన్నవాళ్లు లిబరాలెస్ అయ్యారు. అక్కర్లేదన్నవాళ్లకు సెర్విలెస్, అంటే సేవకాగ్రేసరులు అని పేరుపెట్టారు. 1812లో రాజ్యాంగం కూడా రాసుకున్నారు. 1814లో ఫెర్డినాండ్ రాజు తిరిగొచ్చి రాజ్యాంగాన్ని రద్దుచేసి, రాసినవాళ్లలో దొరికినవాళ్లను జైల్లో వేశాడు. ఇంగ్లండులో టోరీలు ఈ ముచ్చట చూసి, తమకు పడని విగ్గు పార్టీవాళ్లను వెక్కిరించడానికి ఆ స్పానిష్ మాటను స్పానిష్ రూపంలోనే అరువు తెచ్చుకున్నారు. వీళ్లవి మన దేశపు ఆలోచనలు కావు, దిగుమతి సరుకు అని దాని భావం. విదేశీ హస్తం అనే ఆరోపణకు రెండొందల ఏళ్ల వయసుంది, ఎవరూ పేటెంటు తీసుకోకండి. తమాషా ఏమిటంటే టోరీ అన్నదీ మొదట తిట్టే, ఐర్లండు దారిదోపిడీ దొంగలని. విగ్గు అన్నదీ తిట్టే, స్కాట్లండు తిరుగుబాటుదారులని. తిట్లనే పార్టీ పేర్లుగా పెట్టుకుని పార్లమెంటు నడిపిన జాతి అది. 1859లో లిబరల్ పార్టీ వెలిసింది. 1892లో మన దాదాభాయి నౌరోజీ వేళ్ల మీద లెక్కపెట్టగల మెజారిటీతో లండన్లో గెలిచింది ఆ పార్టీ టికెట్టు మీదే.

ఇక తిట్టుగా పట్టాభిషేకం అమెరికాలో జరిగింది, 1988లో. డెమోక్రాట్ల అభ్యర్థి మైకేల్ డుకాకిస్ మసాచుసెట్స్ గవర్నరు, గ్రీసు నుంచి వలస వచ్చినవాళ్ల బిడ్డ. జులైలో సర్వేలన్నీ ఆయనే గెలుస్తాడన్నాయి. ఎదుట నిలబడ్డ పెద్ద బుష్ ఆలోచించి ఆలోచించి, ఆయన్ని లిబరల్ అనడం మొదలెట్టాడు. లిబరల్ అంటే ఏమిటని జనం అడగలేదు, ఈయన చెప్పలేదు. ఏదో జబ్బు అన్నట్టు ముఖం పెడితే సరిపోయింది. దిగిపోతున్న అధ్యక్షుడు రీగన్ మరో మెట్టు పైకెక్కాడు. రాత్రిపూట పల్లెల్లో పాముని పామనకుండా పురుగు అన్నట్టు, ఆ భయంకరమైన 'ఎల్' మాట అన్నాడు. డుకాకిస్ మొదట్లో, ఈ ఎన్నిక సిద్ధాంతాల గురించి కాదు, సామర్థ్యం గురించి అని తప్పుకు తిరిగాడు. దొంగా అని అరిచినప్పుడు ఇది దొంగతనాల గురించి కాదండీ అన్నవాడిని ఎవరు నమ్ముతారు?

అప్పుడు పెద్దమనుషులు రంగంలోకి దిగారు. అక్టోబరు 26న ఫ్రిట్జ్ స్టెర్న్ అనే చరిత్రకారుడి చొరవతో కొన్ని పదుల మంది రచయితలూ ప్రొఫెసర్లూ న్యూయార్క్ టైమ్స్‌లో ఒక పేజీ ప్రకటన వేయించారు. ఆ మాటకు ఘనమైన చరిత్ర ఉందని, దాన్ని అలా కించపరచడం తగదని. తిట్టుకు ఫుల్ పేజీ ప్రకటనతో, అదీ సంతకాలతో జవాబిచ్చేవాళ్లను మరి లిబరల్స్ అనక ఏమనాలి? నాలుగు రోజుల తర్వాత, పోలింగుకు తొమ్మిది రోజులుందనగా, డుకాకిస్ ధైర్యం కూడగట్టుకుని అవును, నేను రూజ్‌వెల్ట్, ట్రూమన్, కెనడీల దారిలో లిబరల్నే అన్నాడు. బుష్ 40 రాష్ట్రాలు గెలిచాడు. ఆ జాబితాలోని కెనడీ అంతకు 28 ఏళ్ల ముందు న్యూయార్కులో లిబరల్ పార్టీ అనే పేరున్న పార్టీ మద్దతును సభలో స్వీకరించి, నేను లిబరల్నని ఛాతీ విరుచుకుని చెప్పి మరీ గెలిచినవాడు. మాట అదే, మధ్యలో దాని జాతకం మారింది. 1988 తర్వాత చాలామంది డెమోక్రాట్లు మెల్లగా ప్రోగ్రెసివ్ అని పేరు మార్చుకున్నారు. సంఖ్యాశాస్త్రం అక్కడా చూస్తారు కాబోలు.

కొంచెం సముద్రం దాటితే మతిపోతుంది. అమెరికాలో లిబరల్ అంటే సర్కారు సొమ్ము బీదాబిక్కీకి పంచేవాడని తిట్టు. ఫ్రాన్సులో లిబరల్ అంటే సర్కారు సొమ్ము బీదాబిక్కీకి పంచనివ్వనివాడని తిట్టు. ఆస్ట్రేలియాలో లిబరల్ పార్టీ అంటే సంప్రదాయవాదుల పార్టీ. జపాన్‌లో లిబరల్ డెమోక్రటిక్ పార్టీ 1955 నుంచీ అంతే. రష్యాలో ఆ పేరే పెట్టుకున్న పార్టీని ఏళ్ల తరబడి నడిపిన జిరినోవ్‌స్కీ పచ్చి జాతీయవాది, లిబరల్స్‌ని ఆయన తిట్టినట్టు ఇంకెవరూ తిట్టలేదేమో. అన్నిటికన్నా హంగేరీ నాయకుడు ఓర్బాన్ కథ నాకు ఇష్టం. 2014లో మాది ఇల్లిబరల్ రాజ్యం అని గర్వంగా ప్రకటించిన ఈ పెద్దమనిషి 1990లలో లిబరల్ ఇంటర్నేషనల్ అనే ప్రపంచ సంఘానికి ఉపాధ్యక్షుల్లో ఒకరు. మన ఫిరాయింపుదారులు పార్టీ మారితే కండువా మారుస్తారు. ఈయన ముందు 'ఇల్' చేర్చుకున్నాడంతే.

మనవాళ్లూ తక్కువ తినలేదు. విజయనగరంలో 1880లో పుట్టిన చిర్రావూరి యజ్ఞేశ్వర చింతామణి అలహాబాదు వెళ్లి లీడర్ పత్రిక సంపాదకుడై, అక్కడి లిబరల్ నాయకుల్లో ముఖ్యుడయ్యాడు. 1918లో కాంగ్రెసు నుంచి బయటికొచ్చిన మితవాదులు లిబరల్ ఫెడరేషన్ పెట్టుకున్నారు. చింతామణి సంయుక్త పరగణాల్లో మంత్రి అయి, గవర్నరుతో పడక 1923లో రాజీనామా పారేశాడు. సైమన్ కమిషన్‌నూ లిబరల్స్ బహిష్కరించారు. అయినా వాళ్లకు దక్కిన బిరుదు తెల్లదొరల తొత్తులు. జైలుకెళ్లకుండా, విన్నపాలు రాసి స్వరాజ్యం తెస్తామనడం జనానికి ఎక్కలేదు, నిజానికి ఎక్కేదీ కాదు. గమనించండి. అప్పుడు లిబరల్ అంటే ప్రభుత్వాన్ని మరీ నమ్మినవాడని తిట్టు. ఇప్పుడు లిబరల్ అంటే ప్రభుత్వాన్ని బొత్తిగా నమ్మనివాడని తిట్టు.

ఎడమవైపు వాళ్లూ ఈ తిట్టును బాగానే సానబట్టారు. మావో 1937 సెప్టెంబరులో లిబరలిజం మీద యుద్ధం ప్రకటిస్తూ చిన్న వ్యాసం రాసి, అందులో 11 రకాల లిబరలిజాలను పట్టి చూపించాడు. స్నేహితుడనో మన ఊరివాడనో తప్పును చూసీచూడనట్టు పోవడం. మీటింగులో నోరు మెదపక బయటికొచ్చాక చాటున గొణగడం. తనకు సంబంధం లేనిదాన్ని వదిలేసి, తెలిసినా తక్కువ మాట్లాడి ఒళ్లు కాపాడుకోవడం. రోజు గడిస్తే చాలని పని చేయడం. సీనియరునని చెప్పుకుని చిన్న పనులు ముట్టకపోవడం. ఈ లెక్కన మన ప్రతి మండలాఫీసూ లిబరలిజానికి పెట్టనికోట. అక్కడ సిద్ధాంతమే కాదు, ఆచరణా ఉంది. విప్లవ రాజకీయాల్లో తిరిగిన తెలుగువాడికి లిబరల్ అనిపించుకోవడం ఎంత అవమానమో, ఇవాళ దేశభక్త యువకుడికీ అంతే. ఈ ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చోగల సందర్భం ఇదొక్కటే.

ఇంకోవైపు నిడుబ్రోలు రంగా గారు. జమీందారీల మీద రైతులను నడిపించిన ఎన్.జి.రంగా 1959లో రాజాజీ, మినూ మసానీలతో కలిసి స్వతంత్ర పార్టీకి తొలి అధ్యక్షుడయ్యారు. సహకార సేద్యం పేరుతో రైతు భూమి జోలికి రావద్దు, లైసెన్సులతో జనాన్ని కట్టేయొద్దు అన్నది ఆ పార్టీ మాట. పుస్తకాల ప్రకారం అచ్చమైన లిబరల్ పార్టీ. జమీందార్లతో పోట్లాడినాయన పార్టీకి రాజుల, జమీందార్ల పార్టీ అని ముద్ర పడింది. కొందరు రాజులూ అందులో చేరి ఆ ముద్రకు తమ వంతు సిరా పోశారు లెండి. ముప్పై రెండేళ్లకు వంగర నుంచి వెళ్లిన పి.వి.నరసింహారావు సుమారుగా ఆ పనులే చేస్తే పేరు సరళీకరణ అయింది. ఎడమవైపు నుంచి మాత్రం నయా ఉదారవాదం అనే తిట్టు దానికి తప్పలేదు.

మన లిబరల్స్ తిట్లు తినదగినవాళ్లు కారని నేననను. మూడు ఖండాల అణచివేతల మీద సంతకాలు పెట్టిన పెద్దమనిషి ఇంటి గేటుకు "అద్దెకివ్వబడును, శాకాహారులకు మాత్రమే" బోర్డు వేలాడటం నేను చూశాను. మాంసం మీద ఆయనకేమీ అభ్యంతరం లేదు, హోటల్లో తింటాడు. బోర్డు అడుగుతున్నది కూరల సంగతి కాదని ఆయనకూ తెలుసు, అద్దెకొచ్చేవాడికీ తెలుసు.

డాలస్‌లో ఉండే మా బాబాయి గేటుకు బోర్డులుండవు. ఆయనకు వాట్సాప్ ఉంటుంది. తెల్లారి లేచేసరికి లిబరల్స్ మీద ఫార్వర్డులు వరుసగా దిగుతాయి. బాబాయి డాలస్‌ ఎలా చేరాడన్నది చిన్న కథ. 1946 చట్టం ప్రకారం మొత్తం భారతదేశానికి అమెరికా ఇచ్చిన కోటా ఏడాదికి వందమంది. దేశాన్ని బట్టి కోటాలు పెట్టడం అన్యాయమని సెల్లర్, హార్ట్ వంటి లిబరల్ డెమోక్రాట్లు పట్టుబట్టి తెచ్చిన చట్టం మీద 1965 అక్టోబరులో అధ్యక్షుడు జాన్సన్ స్వేచ్ఛా ప్రతిమ పాదాల దగ్గర సంతకం చేశాడు. మన డాక్టర్లకూ ఇంజినీర్లకూ ఆ తలుపు తెరుచుకుంది, వాళ్ల వెనకే బాబాయీ. అక్కడ ఆయన ఓటు డెమోక్రాట్లకే. మైనారిటీలకు హక్కులుండాలంటాడు, గుడి కట్టుకోవడానికి సిటీ కౌన్సిల్ అడ్డుపడితే మతస్వేచ్ఛ మీద గుక్కతిప్పుకోకుండా మాట్లాడతాడు. విమానం శంషాబాద్‌లో దిగాక అవే మాటలు ఇంకొకరి నోట వింటే బీపీ పెరుగుతుంది.

మొన్న ఆయన ఫోను పెళ్లిచూపుల పని మీద. అమ్మాయి వివరాలు మ్యాట్రిమొనీలో ఎక్కించాలి, నన్ను నింపమన్నాడు. ఫ్యామిలీ వాల్యూస్ అనే గడి దగ్గర ఆగాను. ఆర్థడాక్స్, ట్రెడిషనల్, మోడరేట్, లిబరల్ అని నాలుగున్నాయి.

"ఏం పెట్టను బాబాయ్?"

"లిబరల్ పెట్టు."

"పొద్దున్నేగా వాళ్లని దేశద్రోహులన్నావు!"

"అది రాజకీయంరా. ఇది సంబంధం. ఆర్థడాక్స్ అని పెడితే మంచి అమెరికా కుర్రాళ్లు కన్నెత్తి చూడరు. లిబరల్ అనే పెట్టు. కింద కులం గడి ఉంటుంది చూడు, అది మాత్రం జాగ్రత్తగా నింపు. శాఖతో సహా."