అట్టపెట్టె పద్యానికి టీకా తాత్పర్యం

మూలం

ఆ. అట్టపెట్టె నొడిని నదుమక యుంచుమీ
పైన బెట్టవలదు పగులునదియు
మూత తీయవలదు మొగమాటమైనను
బందరొచ్చుదాక బదిలమమ్మ!

అవతారిక

దివిసీమలో ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి ఒకతె థర్మకోలుతో తుఫాను షెల్టరు నమూనా చేసి, జిల్లా సైన్సు ఫెయిరుకని అవనిగడ్డలో బందరు బస్సెక్కుతుంటే, వెంట వచ్చినవారు చెప్పిన పద్యమిది. కవి పేరు తెలియదు. నాలుగు పాదాల్లో రెండు ‘వలదు’లున్నాయి గనుక సైన్సు మేష్టారేనని ఊహ. మూలంలో లేనిది రాయనని మల్లినాథసూరి నియమం పెట్టుకున్నాడు. ఈ టీకాకారుడికి అలాంటి నియమాలేం లేవు.

ప్రతిపదార్థం

అట్టపెట్టెన్ = కిరాణా కొట్లో బతిమాలి తెచ్చిన బిస్కెట్ల పెట్టెను; ఒడిన్ = రెండు మోకాళ్ల మీద; అదుమక = భయంకొద్దీ కావలించుకోక; ఉంచుమీ = ఉంచుకొనుము; పైనన్ = సామాన్ల బల్ల మీద; పెట్టవలదు = స్పష్టము; అదియు = అది కూడా; పగులును = ముక్కలగును; మొగమాటమైనను = పక్కసీటు పిన్నిగారు “ఏంటే పాపా అందులో, ఓసారి చూపించవే” అన్నప్పటికిని; మూత తీయవలదు = తీయవలదు; బందరు ఒచ్చుదాకన్ = మచిలీపట్నం బస్టాండులో దిగువరకు; అమ్మ = ఓ బాలికా; పదిలము = జాగ్రత్త సుమా.

విశేషాలు

‘ఒచ్చు’ గ్రామ్యమని ఆక్షేపణ. ‘బందరు వచ్చు’ అంటే గణం చెడుతుంది. పైగా బందరు ఒస్తుందే గాని వచ్చుట ఎవరూ చూడలేదు.

‘అదియు’ అన్నచోట పెద్ద చర్చ ఉంది. అది కూడా పగులునన్నప్పుడు ఇంకేది పగులును? కింద కూర్చున్నవాడి తల అని ఒకరన్నారు. థర్మకోలులో నూటికి 98 పాళ్లు గాలే గనుక తలకేమీ కాదు. అమ్మాయి గుండె అనే అర్థమే గ్రాహ్యం.

‘అదుమక’ అన్న మాటలోనే పద్యం ప్రాణం ఉంది. అదెందుకో తెలియాలంటే పెట్టెలోని షెల్టరు సంగతి తెలియాలి. 1977 నవంబరు 19 ఉప్పెన వేలమందిని మింగాక దివిసీమలో షెల్టర్లు లేచాయి. స్తంభాల మీద మేడ, కింద ఖాళీ. నీరు వస్తే కిందినుంచి పోవాలి. అమ్మాయి దాన్ని 1:50 కొలతలో చేసింది. నాలుగు మీటర్ల స్తంభం ఎనిమిది సెంటీమీటర్ల ఐస్‌క్రీం పుల్ల అయింది. మేడా మెట్లూ అలాగే తగ్గాయి. దారిలో గొయ్యి మాత్రం తగ్గలేదు. పది సెంటీమీటర్ల గోతిలో చక్రం దిగితే ఆ పుల్లల లెక్కలో అది అయిదు మీటర్లు. ఆనాడు లేచిన ఉప్పెన ఎత్తూ ఇంచుమించు అంతే.

దీనికి విరుగుడుగా పాత పేపర్లు కుక్కమన్నారు పూర్వ వ్యాఖ్యాతలు. అది పొరపాటు. కుదుపుకు ఆ కుక్కిన కాగితమే పుల్లను తోస్తుంది. విరిగేది పుల్ల కాదు, అతుకు. కొండపల్లిలో తెల్లపొణికి బొమ్మకు కాళ్లూ చేతులూ విడిగా చెక్కి చింతగింజల ముద్దతో అతికే పనివాణ్ణి అడిగితే చెబుతాడు. కాబట్టి నమూనా కింది పలకను పెట్టె అడుక్కి పురికొసతో బిగించి, చుట్టూ నాలుగు వేళ్ల సందు వదిలి, పెట్టె కింద మడతపెట్టిన దుప్పటి వేయాలి. అడుగు గట్టిగా, చుట్టూ ఖాళీగా. షెల్టరు కట్టినవాళ్లు చేసిందీ అదే. అతుకులు ఫెవికాల్‌తో వేసి రాత్రంతా ఆరనివ్వాలి. పెట్రోలు వాసన కొట్టే జిగురు వాడితే థర్మకోలు ఇంట్లోనే కరిగిపోతుంది, బస్సెక్కే పని తప్పుతుంది.

శంక: ఒడే ఎందుకు, సీటు చాలదా? సమాధానం: కుదుపుకు లొంగి మళ్లీ లేచే గుణం మోకాళ్లకుంది, రేకుకు లేదు. ఆ మోకాళ్లు కూడా రెండు ఇరుసుల నడిమి సీట్లో ఉండాలి. వెనక చక్రాలు దాటిన సీటు ఉయ్యాలతో సమానం.

మొగమాటం గురించి ఎంత రాసినా తక్కువే. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగులో ఆడవాళ్లకు చార్జీ లేదు గనుక పిన్నిగార్లు పెరిగారు, వారితోపాటు మొగమాటమూ పెరిగింది. పులిగడ్డ దగ్గర కృష్ణ దాటేటప్పుడు కిటికీలోంచి ఏటిగాలి కొడుతుంది. సరిగ్గా అప్పుడే అడుగుతారు, చూపించమని. “బందర్లో చూద్దురుగాని పిన్నిగారూ” అనడమే శాస్త్రసమ్మతం.

పాఠాంతరం

గుడివాడ ప్రతిలో రెండో పాదం ‘పైన బెట్టవచ్చు పగులదదియు’ అని ఉంది. అది రైలు పాఠం. గుడ్లవల్లేరు, కవుతరం, పెదన మీదుగా వచ్చేవారికి గోతులుండవు, బల్ల వెడల్పు. అయినా అపపాఠమే. పెదనలో ఎక్కినాయన కలంకారీ బట్టల మూట దేనిమీద పెడతాడో ఆ పాఠకర్త ఆలోచించలేదు.

తాత్పర్యం

ఓ బాలికా! పెట్టెను ఒళ్లో పెట్టుకో, నొక్కకు, పైకెక్కించకు, ఎవరడిగినా తెరవకు, బందర్లో దిగు.

తిరుగు ప్రయాణానికి పద్యం దొరకలేదు. వచ్చేటప్పుడు ఒళ్లో బందరు లడ్డూ పెట్టె ఉంటుంది, నమూనా పైనెక్కుతుంది. లడ్డూను అదిమినా ఏం కాదు. తొక్కి చేసిందే గదా.