ఫోన్ మానేస్తానని ఒట్టు పెట్టుకోకండి: ఏడు తలకిందుల చిట్కాలు

రీల్స్ చూస్తూ గంట గడిచిపోయిందని తెలిసినప్పుడల్లా మనల్ని మనమే తిట్టుకుంటాం. ఆ కోపంలో ఇన్‌స్టాగ్రామ్ తీసేస్తాం, రేపటి నుంచి ఫోన్ ముట్టనని ఇంట్లో వాళ్ళకి చెప్పేస్తాం. నాలుగు రోజులకి యాప్ మళ్ళీ వచ్చి కూర్చుంటుంది, దానితోపాటు ‘నావల్ల కాదు’ అన్న దిగులూ వస్తుంది.

ఆ దిగులు అనవసరం. ఎంత జరిపినా అడుగు కనపడని పేజీని, అంటే ఇన్ఫినిట్ స్క్రోల్‌ని, 2006లో ఆజా రాస్కిన్ అనే డిజైనర్ రూపొందించాడు. దాని ఫలితం చూసి తర్వాత ఆయనే బహిరంగంగా బాధపడ్డాడు. మన దేశంలో 2020 జూన్‌లో టిక్‌టాక్‌ని నిషేధిస్తే, జులైలో రీల్స్ వచ్చాయి, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ వచ్చాయి. ఆ చోటు నెల రోజులు కూడా ఖాళీగా ఉండలేదు. ఆపే చోటు లేకుండా తెలిసి తెలిసి కట్టిన వాటి ముందు ఒట్లు నిలవవు. ఆ ఆపే చోటేదో మనమే ఫోన్‌లో కట్టుకోవాలి. కింది సలహాలు వినగానే తప్పనిపిస్తాయి. అయినా ఇవే చేయమంటాను.

1. ఫోన్ తగ్గించాలనుకోకండి

యూపీఐ, బస్సు టికెట్టు, పిల్లల స్కూలు గ్రూపు, డాక్టరు అపాయింట్‌మెంటు అన్నీ అందులోనే ఉన్నాయి. ‘ఫోన్ తగ్గించాలి’ అనుకుంటే వీటన్నిటితో పోరాటం పెట్టుకున్నట్టే. ఏ యాప్, ఏ వేళ అన్నది మాత్రం తేల్చుకోండి. ‘రాత్రి పక్క మీదికి చేరాక రీల్స్’ అని రాసి పెట్టుకుంటే, చేయాల్సిన పని చేతికి అందేంత చిన్నదవుతుంది.

2. ఉన్న యాప్‌లు చాలవు, ఇంకొకటి వేసుకోండి

‘వన్ సెక్’ అనే యాప్ ఉంది. మీరు ఇన్‌స్టాగ్రామ్ నొక్కగానే ఇది అడ్డం వచ్చి, ఒకసారి ఊపిరి తీసుకోమంటుంది. ఈ రోజు ఇప్పటికి ఎన్నిసార్లు తెరవబోయారో చూపిస్తుంది. ఆ తర్వాత లోపలికి వెళ్తారా, వద్దా అని అడుగుతుంది. స్కూలు ముందు రోడ్డు మీద స్పీడ్ బ్రేకర్ లాంటిది: దారి మూయదు, వేగం తగ్గిస్తుంది.

దీని మీద 2023లో పీఎన్‌ఏఎస్ అనే సైన్సు పత్రికలో అధ్యయనం వచ్చింది. రాసిన వారిలో ఈ యాప్ తయారుచేసిన వ్యక్తి కూడా ఉన్నాడని గుర్తుంచుకునే చదవాలి. 280 మంది వాడకాన్ని ఆరు వారాలు చూస్తే, తెరవబోయిన ప్రతి 100 సార్లలో 36 సార్లు జనం వద్దనుకుని వెనక్కి వచ్చేశారు. ఆరో వారానికి అసలు తెరవబోవడమే 37 శాతం తగ్గింది. వాళ్ళకి ఎవరూ ఏదీ నిషేధించలేదు.

3. మంచి మాటలు చెప్పే యాప్‌ని తీసేయండి

ఆ పరిశోధకులే ఇంకో ప్రయోగంలో ఆ అడ్డును భాగాలుగా విడదీసి చూశారు. ‘వద్దు, వెనక్కి వెళ్తాను’ అనే బటన్ అన్నిటికన్నా బాగా పనిచేసింది. కొన్ని క్షణాల ఆలస్యమూ కొంత పనిచేసింది. ఆలోచించుకోమని చెప్పే సందేశం వల్ల మాత్రం ఫలితం కనపడలేదు. కాబట్టి సూక్తులు వినిపించే యాప్ మీకు అక్కర్లేదు. రోజూ బ్యాడ్జీలు ఇస్తూ, రాలేదేమని నోటిఫికేషన్లు పంపే సహాయక యాప్ అయితే మరీ ప్రమాదం. అది కూడా మీ ధ్యాస కోసమే చెయ్యి చాస్తోంది. మంచి యాప్ గుర్తు ఒకటే: మీరు పిలవనప్పుడు మాట్లాడదు. ఇలాంటి యాప్‌లు ఆండ్రాయిడ్‌లో యాక్సెసిబిలిటీ అనుమతి అడుగుతుంటాయి. తెర మీద ఏం జరుగుతోందో చూడగలిగే అనుమతి అది. ఎవరు తయారుచేశారో తెలియని యాప్‌కి ఇవ్వకండి.

4. వేలు పోసి కొన్న తెరని అందవికారంగా మార్చండి

రంగులు తీసేసి, తెరని పాత సినిమాలా నలుపు తెలుపు చేయండి. ఆండ్రాయిడ్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్‌లోని బెడ్‌టైమ్ మోడ్ రోజూ మీరు చెప్పిన వేళకి ఈ పని తనంతట తనే చేస్తుంది. ఐఫోన్‌లో యాక్సెసిబిలిటీ కింద కలర్ ఫిల్టర్స్‌లో ఉంటుంది. ఎర్ర చుక్కల నోటిఫికేషన్లు బూడిద రంగులోకి మారితే వాటి పిలుపులో సగం బలం పోతుంది. మెసేజీ చదవడానికీ, ఫోన్ మాట్లాడడానికీ ఏ లోటూ ఉండదు.

5. యూట్యూబ్‌కి మీరెవరో మరచిపోయేలా చేయండి

మన అభిరుచి తెలిసిన యూట్యూబ్ మంచిదే కదా అనిపిస్తుంది. ఆ తెలివే మనల్ని అక్కడ కూర్చోబెడుతోంది. వాచ్ హిస్టరీ ఆపేసి, పాతది చెరిపేయండి. 2023 నుంచి, హిస్టరీ లేని వాళ్ళకి హోమ్ పేజీ ఖాళీగా కనిపిస్తుంది. కావాల్సింది వెతుక్కోవచ్చు, సబ్‌స్క్రైబ్ చేసిన చానళ్ళు చూసుకోవచ్చు. ప్రవచనం కోసం వెళ్తే ప్రవచనం విని బయటికి వస్తారు. ఊళ్ళో ఉన్న అమ్మానాన్నల ఫోన్‌లో ఇలా మార్చాలంటే మాత్రం వాళ్ళ పక్కన కూర్చుని, చెప్పి, వాళ్ళు సరేనన్నాకే మార్చండి. అక్కడ మధ్యాహ్నాలు చాలా పొడుగ్గా ఉంటాయి. ఆ సమయంలో మన ఫోన్ కాల్ ఒకటి వెళ్ళాలి.

6. మీ తాళం పిల్లల చేతికివ్వండి

పిల్లల ఫోన్‌కి పెద్దలు తాళం వేయడం లోకరీతి. దాన్ని తిరగేయండి. ఐఫోన్ స్క్రీన్ టైమ్‌కి పాస్‌కోడ్ పెట్టుకోవచ్చు. ఆ అంకెలు మీరు చూడకుండా ఇంట్లో పదేళ్ళ అమ్మాయి చేత పెట్టించి, ఆ అంకెల కాగితం ఆమె దగ్గరే ఉంచండి. ఇంకో పావుగంట రీల్స్ కావాలంటే ఆమెను అడగాలి. ‘ఎందుకు నాన్నా?’ అన్న ప్రశ్నకి జవాబు చెప్పాలి. పిల్లలు మన ఉపన్యాసాల కన్నా మన చేతుల్నే ఎక్కువ గమనిస్తారు. నియమం ఇంట్లో అందరిదీ అయినప్పుడు, వాళ్ళ ఫోన్ గురించి మనం చెప్పే మాటకి విలువ వస్తుంది.

7. వేలికున్న అలవాటుని పోగొట్టకండి

లిఫ్ట్ కోసం నిలబడ్డా, అన్నం ఉడికే లోపు ఖాళీ దొరికినా, బొటనవేలు చూడకుండానే ఒక మూలకి వెళ్తుంది. వెళ్ళనివ్వండి. ఆ మూల ఉన్న రీల్స్ యాప్‌ని లోపలి ఫోల్డర్‌లోకి నెట్టి, దాని చోట ఈ-పుస్తకం చదివే యాప్ పెట్టండి. తెలుగు వికీసోర్స్‌లో మన పాత పుస్తకాలు ఉచితంగా చదువుకోవచ్చు. మెట్రోలో నాలుగు స్టేషన్ల దూరంలో రెండు పేజీలు అవుతాయి. పేజీకి అడుగు ఉంటుంది, అధ్యాయానికి ముగింపు ఉంటుంది. ఆపాలనిపిస్తే ఆపడానికి చోటుంటుంది.

ఏడూ ఒక్కసారి మొదలుపెట్టకండి. రెండోదీ ఐదోదీ ఈ రాత్రికి చేయండి, పది నిమిషాల పని. వారం తర్వాత గంటల లెక్క చూడకండి, అందులో మ్యాప్‌లూ వీడియో కాల్సూ కూడా కలిసిపోతాయి. ఫోన్ రోజుకి ఎన్నిసార్లు తెరిచారో, ఆ అన్‌లాక్‌ల లెక్క చూడండి. అది తగ్గుతుంటే మీ దారి సరైనదే. తగ్గకపోతే తప్పు మీ మనోబలంలో వెతకకండి. అడ్డు సరైన చోట లేదు. దాన్ని అక్కడి నుంచి తీసి, మీ వేలు ముందుగా తాకే చోట పెట్టండి.