గుల్జార్ హౌజ్ దగ్గర గొణుగుడు

మా రోజుల్లో ఫౌంటెన్ బాగు చేయాలంటే నీళ్లు ఎటునుంచి వస్తున్నాయో ముందు చూసేవాళ్లు. ఇప్పుడు ముందుగా చూసేది లైట్ల రంగు.

మన గుల్జార్ హౌజ్‌నే తీసుకోండి. చార్మినార్‌కు ఉత్తరాన, చార్ కమాన్ నడిబొడ్డున ఉంటుంది. ఒక పక్క మచిలీ కమాన్, ఒక పక్క కాలీ కమాన్, చుట్టూ బంగారం దుకాణాలు. చార్మినార్ కట్టింది 1591లో. కుతుబ్‌షాహీల కాలంలో మోటారెక్కడిది, కరెంటెక్కడిది? నమ్మకపోతే గోల్కొండకు వెళ్లి చూడండి, నీళ్లు నడిచిన మట్టి గొట్టాలు ఇంకా ఉన్నాయి. ఎత్తున తొట్టి, కిందికి గొట్టం, చివర సన్న రంధ్రం. పైనున్న నీటి బరువే కింది నీటిని ఎగరేస్తుంది. ఊట ఆగిందంటే దారిలో ఎక్కడో పూడిందని లెక్క.

ఇప్పటివాళ్లకు ఆ దారితో పనిలేదు. మోటారు బిగిస్తారు, మీట నొక్కుతారు, ఫొటో దిగుతారు. నాలుగు నెలలకు నాజిల్‌లో ఇసుక, తొట్టిలో పాచి, పాచి మీద చిప్స్ కవరు. గచ్చు బీటలిస్తే సిమెంటు పూసేస్తారు. పాత గచ్చు గానుగ సున్నంది నాయనా! బెల్లం, కరక్కాయ నీళ్లు పోసి నూరిన సున్నం చెమ్మను పీలుస్తుంది, వదులుతుంది. పైన సిమెంటు పడితే చెమ్మ లోపలే చిక్కి సున్నాన్ని తినేస్తుంది. హౌజ్‌కు కావలసింది ప్రారంభోత్సవం కాదు, రోజూ పొద్దున్నే జాలితో ఆకులు తీసే మనిషి.

ఇదంతా మా ఆవిడకు చెప్పాను. బియ్యంలో రాళ్లేరుతూ తలెత్తకుండానే అంది: "మీ రోజుల్లో అంత బాగా చూసుకుని ఉంటే, ఇప్పుడు బాగు చేయాల్సిన పనేముంది?"

నిజం చెప్పొద్దూ, నా చిన్నప్పుడు అందులో నీళ్లు ఎగరగా చూసిన గుర్తు నాకే లేదు. గట్టు మీద కూర్చుని పల్లీలు తిన్న గుర్తు మాత్రం ఉంది. పొట్టు ఎక్కడ వేశామో కూడా గుర్తుంది.

మొన్న అటు వెళ్లి మళ్లీ పల్లీలు కొన్నాను. పొట్టంతా లాల్చీ జేబులో వేసుకొచ్చాను. ఉతికేటప్పుడు చూసి, ఇప్పుడు ఆవిడ గొణుగుతోంది.