నడుం పైన మే నెల

ఆకాశంలో మబ్బు తునక లేకపోతే అది మంచి వాతావరణమని ఎవరన్నారో గానీ, వాళ్లు డిసెంబరులో కేదార్‌కంఠ ఎక్కి ఉండరు.

ఉత్తరాఖండ్‌లో 12,500 అడుగుల కొండ అది. డెహ్రాడూన్‌లో పొద్దున బండెక్కితే సాయంత్రానికి సాంక్రీ అనే ఊరు. అక్కణ్నుంచి కాళ్లే దిక్కు. "ఆకాశం అద్దంలా ఉంది మామా, మన అదృష్టం!" అన్నాడు నన్ను లాక్కొచ్చిన మేనల్లుడు. మబ్బు లేని రాత్రి నేలలోని వేడంతా అడ్డూ అదుపూ లేకుండా పైకి పోతుందని వాడు చెప్పలేదు. చుక్కలు ఎంత బాగా కనబడితే పళ్లు అంత గట్టిగా కొట్టుకుంటాయని టెంట్‌లో నాకే తెలిసింది.

అర్ధరాత్రి దాటాక లేపి, బూట్ల కింద ఇనుప ముళ్లు తగిలించారు. నీళ్ల సీసా తలకిందులుగా పెట్టుకోమన్నాడు గైడు. గడ్డకట్టడం పైనుంచి మొదలవుతుంది కాబట్టి మూత దగ్గర నీళ్లు మిగులుతాయట. ఇంత తెలివున్న మనిషికి ఈ వేళప్పుడు కొండెక్కే పనేమిటో!

అంత ఎత్తున ఊపిరికి అందే ప్రాణవాయువు సముద్రమట్టంలో అందేదాంట్లో మూడింట రెండు వంతులే. అందుకని పది అడుగులకోసారి ఆగి, ఫొటోలు తీస్తున్నట్టు నటించాను. చలికి ఫోను ఎప్పుడో కన్నుమూసిన సంగతి మేనల్లుడికి తెలీదు.

"మన పూర్ణ 2014లో, పదమూడేళ్లకే ఎవరెస్టు ఎక్కింది మామా!"

"ఆ వయసులో నేనూ చింతచెట్టు దిగేవాణ్ని కాదురా."

ఎదురుగా స్వర్గారోహిణి శిఖరాలు. పాండవులు స్వర్గానికి పోయిన దారి అదేనంటారు. మా వెంట కూడా సాంక్రీ నుంచి ఒక కుక్క వస్తోంది. చివరిదాకా ధర్మరాజుతో కుక్క ఒక్కటే ఎలా మిగిలిందో అప్పుడర్థమైంది. దానికి నాలుగు కాళ్లు, పైగా సామాను లేదు.

గట్టు మీదికి చేరేసరికి పొద్దు పొడిచింది. హమ్మయ్య, ఇక వెచ్చబడతాం అనుకున్నాను. రామగుండంలో పుట్టినవాడికి సూర్యుడి మీద ఆమాత్రం నమ్మకం ఉంటుంది. కానీ ఈ సూర్యుడు కాలుస్తాడే తప్ప కాచడు. పైనుంచి పడ్డ ఎండను మంచు కిందనుంచి మళ్లీ మొహాన కొడుతుంది. మొహానికి క్రీము పూశాను సరే, గడ్డం కిందా ముక్కుపుటాల లోపలా పూయాలని ఏ తెలుగువాడికి తోస్తుంది? రామగుండం ఎండ ఏనాడూ చేరని ఆ చోట్లన్నీ మాడాయి. అదే సమయంలో బూట్లలో కాలివేళ్లు ఉన్నాయో, రాలాయో తెలీదు. నడుం పైన మే నెల, నడుం కింద మాఘమాసం.

శిఖరం మీద అందరూ జెండాలతో ఫొటోలు దిగారు. కుక్క మాత్రం నా బిస్కెట్లు తిని, నాకంటే ముందు దిగిపోయింది.

నేను మంచు కొండ ఎక్కానంటే మా బొగ్గుగని కాలనీలో ఎవరూ నమ్మట్లేదు. పక్కింటాయన నా మొహం అటూ ఇటూ తిప్పి చూసి, "హిమాలయాలకు పోయినోడు ఇట్ల మాడుతడా అన్నా? నిజం చెప్పు, ఓపెన్‌కాస్ట్‌ల డ్యూటీ పడ్డదా?" అన్నాడు.